సాంచాల గల్లీలో ఒక్క మనిషి, రెండు ఓట్లు

మొన్న మా పాత బడి నుంచి ఒక కొత్త టీచరు ఫోన్ చేసింది. ఆమెకు బూత్ లెవల్ అధికారి డ్యూటీ పడిందట. "మేడం, ఓటరు లిస్టు పని మీకు మంచిగ వచ్చని అందరంటున్నరు, జర చెప్పుండ్రి" అని అడిగింది. ఆ మాట అన్నవాళ్లెవరో గానీ, వాళ్లకు నా చరిత్ర సగమే తెలిసినట్టుంది. మండలాఫీసులో చప్పట్ల మధ్య శాలువా కప్పించుకున్న సగం. మిగతా సగం నేను ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆ అమ్మాయికే కాదు, భుజాన సంచీ, చేతిలో ఫోను పట్టుకుని గల్లీలు తిరుగుతున్న మీ అందరికీ.

నేను పుట్టి పెరిగింది లక్సెట్టిపేటలో. మా బాపు మిషన్ బడి పంతులు. బడిలో పిల్లల హాజరు, ఆదివారం చర్చిలో పెద్దల హాజరు, రెండూ కళ్లతోనే తీసుకునేవాడు. రానివాళ్ల ఇంటికి సోమవారం పొద్దున్నే వెళ్లి "ఏమైంది, పానం బాగలేదా?" అని అడిగేవాడు. హాజరు పిచ్చి నాకు ఆయన నుంచే వచ్చింది. ఇంటికి వెళ్లి అడిగే ఓపిక మాత్రం రాలేదు. ఆసిఫాబాద్ వైపు గూడేల బడుల్లో పదేళ్లు చేసి, పెళ్లయ్యాక కరీంనగర్ వైపు ఈ నేత పట్నానికి బదిలీ చేయించుకున్నాను. ఇక్కడే రిటైరయ్యాను.

బూత్ లెవల్ అధికారి అంటే పేరు పెద్దది, కుర్చీ లేదు. ఒక పోలింగ్ బూతు కింద ఉన్న ఇళ్లన్నీ తిరగాలి. పద్దెనిమిది నిండినవాళ్ల పేరు ఎక్కించాలి, చనిపోయినవాళ్లది, ఊరు విడిచినవాళ్లది తీయించాలి. బడి పని బడిదే, ఈ పని దీనిదే. పిల్లలకు ఎక్కాలు చెప్పి, మధ్యాహ్నం భోజనం పెట్టించి, ఎండ తగ్గకముందే గల్లీలో పడేదాన్ని.

ఈ పనికి మా పై అధికారి నాయబ్ తహసీల్దారు. భైంసా మనిషి. సంతోషమొస్తే, కోపమొస్తే, టీ చల్లారితే కూడా "అరే బాబా" అనేవాడు. ఆయన శిక్షణ తరగతి అంటే మాకు సినిమాకు పోయినంత హుషారు. ఫారాల గురించి పావుగంట చెప్పి, మిగతా సమయమంతా ప్రపంచ యాత్ర చేయించేవాడు.

"ఆస్ట్రేలియాల ఓటెయ్యకపోతే జుర్మానా పడ్తది. స్వీడన్ల మనలెక్క ఇంటింటికి తిరుగుడే లేదు, జనాభా పుస్తకంలకెళ్లి ఓటరు లిస్టు దానంతటదే తయారైతది. అమెరికాల మస్తు చోట్ల ఎవరి పేరు వాళ్లే పోయి రాయించుకోవాలె, రాయించుకోకుంటే ఎవడూ అడగడు. గాంబియా అని ఒక దేశమున్నది, ఆడ ఓటంటే గోళీ. డ్రమ్ముల ఏస్తే లోపట గంట మోగుతది."

"మరి మన దగ్గర ఏమున్నది సార్?" అని ఎవరో అడిగారు.

"మన దగ్గర మీరున్నరు. మీ చెప్పులున్నయి. అరే బాబా, గంతకన్న ఏం కావాలె?"

ఆ కబుర్లు నాకు తెగ నచ్చాయి. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ అప్పజెప్పేదాన్ని. ఆస్ట్రేలియా జరిమానా సంగతి చెబితే, బీడీలు చుట్టుకుంటున్న ఒకామె చేతిలో ఆకు ఆపకుండానే "గా జుర్మానా ఏదో ఈడ గూడ పెట్టుమను టీచరమ్మా. మా ఆయన ఓట్ల నాడన్న పొద్దుగాల లేస్తడు" అంది. స్వీడన్ సంగతి చెబితే "అయితే గా దేశంల నీకు పనేముంటది?" అని అడిగింది.

మా బూతులో సగం సాంచాల గల్లీ. మరమగ్గాలను ఇక్కడ సాంచాలు అంటారు. రోజుకు రెండు షిఫ్టులు, పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా ఒకటి, సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఏడు దాకా ఇంకొకటి. సాంచాలు ఆగవు, మనుషులే మారుతుంటారు. ఆ గల్లీలో మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి. నాకు తరగతి గది అలవాటే కాబట్టి ఇబ్బంది పడలేదు.

అసెంబ్లీ ఎన్నికలకు కొన్ని నెలల ముందు, పై నుంచి ఒక జాబితా వచ్చింది. ఒకే మనిషికి రెండు ఓట్లు ఉన్నాయేమోనని కంప్యూటరు అనుమానపడిన పేర్లు అవి. నా బూతులో ఒక జంట తగిలింది. తండ్రి పేరు ఒకటే. వయసు నలభై ఆరు, ఇద్దరికీ. ఇంటి నంబరు ఒకటే. ఇద్దరి పేర్లలో ముందు సగం ఒకటే, వెనుక సగమే వేరు. ఫొటోలు చూస్తే, ఆ మసి ముద్రలో కూడా, ఒకే ముఖం. కంప్యూటరు అనుమానమే పడింది. నేను ఆ క్షణంలోనే తీర్పు చెప్పేశాను. ఒకడే మనిషి, పేరు కొంచెం మార్చి రెండు కార్డులు తీసుకున్నాడు.

అయినా వెళ్లి చూడాలి కదా, వెళ్లాను. ఒక పెద్దావిడ ఇంటి వెనకాల, పక్క సందులోంచి తలుపున్న ఒంటి గది. ఆమెకు కళ్లలో పొర, నోట్లో మాత్రం ఏ పొరా లేదు. "ఒక్కడే ఉంటడు బిడ్డా. ఒక్కనికైతేనే గది ఇస్తనని ముందే చెప్పిన. నల్లా రోజిడిసి రోజు వస్తది, ఇద్దరైతే నీళ్లేడ సాలుతయి? కానీ బంగారమసొంటి పిలగాడు. పగలనక రాత్రనక సాంచాల కాడనే ఉంటడు. ఎప్పుడు పంటడో ఏమో!" అంది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. సందులోంచి చూశాను. ఒక మనిషి చాప మీద పడుకుని గాఢ నిద్రలో ఉన్నాడు. గుబురు మీసం. లేపబుద్ధి కాలేదు. రాత్రంతా నిలబడి పనిచేసి వచ్చినవాడిని ఏం లేపుతాం అనుకున్నాను. అది జాలి అని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, పని తొందరగా అవుతుందన్న సంబరం కూడా అందులో ఉంది.

రూలు ప్రకారం ఇంకోసారి వెళ్లాలి. వారం తర్వాత వెళ్లాను. చాప అదే, నిద్ర అదే, మనిషి అదే. మీసం మాత్రం లేదు. గొరిగించుకున్నాడు అనుకున్నాను. ఇంకో పది రోజులకు మూడోసారి వెళ్లేసరికి అతను నిద్రలేచి గుమ్మంలో పళ్లు తోముకుంటున్నాడు. మీసం మళ్లీ గుబురుగా ఉంది. పది రోజుల్లో మీసం ఎంత బాగా పెరిగిందో, మా ఆయనకు నెలైనా ఇంత రాదు అనుకున్నాను. నిజంగా అనుకున్నాను పిల్లలూ. ముప్పై ఏళ్లు పిల్లలకు పరిసరాల విజ్ఞానం చెప్పిన మనిషిని.

"ఈ గదిల ఎంతమంది ఉంటరయ్యా?" అని అడిగాను. పెద్దావిడ నా వెనకే నిలబడి ఉంది.

అతను ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. నోట్లో నురగ ఉమ్మేసి "నేనొక్కన్నే టీచరమ్మా" అన్నాడు.

ఇంకేం కావాలి? దొంగ తన నోటితోనే ఒప్పుకున్నాడు.

మా పక్క బూతు పని చూసే అంగన్వాడీ టీచరు ఆ గల్లీలోనే పుట్టిన మనిషి. ఆమె ఒక మాట అంది. "మేడం, సాంచాల గల్లీల పగటిపూట తిరిగితే సగం మందే దొరుకుతరు. పొద్దున ఏడింటికి షిఫ్టు మారేటప్పుడు పోదాం, నేను గూడ వస్త." నాకు మోకాళ్ల నొప్పి, పైగా ఇరవై ఏళ్లు చిన్నది నాకు పని నేర్పుతోందన్న చిరాకు. "నాకు తెల్వదా?" అన్నాను. తెలియదని తెలియకపోతే ఎవరేం చేస్తారు?

నోటీసు తలుపుకు అంటించాను. ఏడు రోజుల్లో జవాబు రాలేదు. రెండు పేర్లలో ఒకటి ఉంచాలి, ఒకటి తీయాలి. పై పేరు ఉంచి కింది పేరు తీయమని రాసిచ్చాను. అంతే. జీవితంలో అంత తేలికగా నేను ఉల్లిపాయ కూడా తరగలేదు. నెల తర్వాత మండలాఫీసు మీటింగులో నాయబ్ తహసీల్దారు నన్ను లేపి నిలబెట్టి "దొంగ ఓటు పట్టుడంటే గిట్ల పట్టాలె" అన్నాడు. శాలువా కప్పారు. ఫొటో తీశారు. ఆ ఫొటో మా ఇంటి ముందు గదిలో టీవీ మీద పెట్టుకున్నాను.

పోలింగ్ రోజు వచ్చింది. ఏడాదిలో పండగలకు తప్ప ఆగని సాంచాలు ఆ రోజు ఆగుతాయి. గల్లీ మొత్తం నిశ్శబ్దం. జనం అలవాటు కొద్దీ ఆ నిశ్శబ్దంలో కూడా అరిచి మాట్లాడుకుంటున్నారు. నేను బడి గేటు పక్కన బల్ల వేసుకుని, ఓటరు జాబితా ముందు పెట్టుకుని, వచ్చినవాళ్లకు వరుస నంబరు చూసి చీటీ రాసిస్తున్నాను.

ఎనిమిది గంటలకు మా మీసాలాయన వచ్చాడు. నేను కావాలనే గంభీరంగా చూశాను, నీ రెండో కార్డు సంగతి నాకు తెలుసు అన్నట్టు. అతను తల వంచుకుని చీటీ తీసుకుని, ఓటేసి, వేలికి సిరా వేయించుకుని వెళ్లిపోయాడు. పదకొండు గంటలకు మళ్లీ వచ్చాడు. ఈసారి మీసం లేదు. అప్పుడే మంగలి దగ్గర నుంచి లేచి వచ్చినట్టు చెంపలు నున్నగా ఉన్నాయి, మెడ దగ్గర పౌడరు. ఇస్త్రీ చొక్కా. చేతిలో ప్లాస్టిక్ కవరులో ఓటరు కార్డు.

నాకు ఒళ్లు మండింది. బల్ల మీద చెయ్యి కొట్టి లేచాను. "ఆగు! పొద్దుగాల ఏసి మల్ల వస్తవా? మీసం గొరిగించుకుంటే గుర్తుపట్టననుకున్నవా?"

"నేనా? నేనిప్పుడే వస్తున్న టీచరమ్మా."

ఎడమ చెయ్యి పట్టి లాగి చూశాను. వేలి మీద సిరా లేదు. "ఏదో మందు పెట్టి కడిగేసిండు" అని వరుసలోంచి ఎవరో అన్నారు. "గా సిరా కడిగితే పోతదా?" అని ఇంకొకరు. పార్టీల ఏజెంట్లు వచ్చారు. కానిస్టేబులు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆడవాళ్ల వరుసలోంచి ఇంటి పెద్దావిడ కూడా జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "నా కిరాయి పిలగాడు. వాడేం చేసిండు? వాన్ని వదలుండ్రి" అంది.

"పొద్దుగాల ఓటేసింది నువ్వే గదా?" అన్నాడు కానిస్టేబులు.

అతను పెద్దావిడ వైపు చూశాడు. నేను మూడోసారి వెళ్లినప్పుడు గుమ్మంలో చూసిన చూపు అదే. అప్పుడు దాన్ని దొంగ చూపు అనుకున్నాను. ఇప్పుడు దగ్గర నుంచి చూస్తే అందులో ఉన్నది భయం. అవునంటే దొంగ అవుతాడు. కాదంటే పొద్దున వచ్చింది ఎవరో చెప్పాలి, చెబితే తలదాచుకునే గది పోతుంది.

"పొద్దుగాల వచ్చింది మా అన్న" అన్నాడు చివరికి.

"మీ అన్న ఏడుంటడు?"

"గా గదిలనే."

"మరి నువ్వు?"

"నేను గూడ గా గదిలనే ఉంట సార్. మేం కవల పిల్లలం."

పెద్దావిడ నోరు తెరిచింది. నేనూ తెరిచాను. ఇంతలో గోల విని, చేతిలో మటన్ సంచితో మీసాలాయన పరుగెత్తుకొచ్చాడు. వేలికి సిరా నల్లగా నిగనిగలాడుతోంది. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఒకే ఎత్తు, ఒకే ముక్కు, ఒకే వంగిన భుజాలు. ఒకరికి మీసం, ఒకరికి లేదు. కార్ఖానాలో షిఫ్టువాళ్లు తప్ప, వాళ్లిద్దరినీ ఒకచోట పగటి వెలుగులో గల్లీవాళ్లు చూడటం అదే మొదటిసారి.

పెద్దావిడ దగ్గరికి వెళ్లి, కళ్లు చికిలించి, పెద్దవాడి మీసం పట్టి చూసింది. "గిది అసలుదేనారా?" అంది. వరుస మొత్తం గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వలేదు. "మూడేండ్ల సంది పగలు రాత్రి నిద్రపోకుంట పనిచేస్తడని, మా కొడుకుకు నిన్ను చూపిచ్చి తిట్టుకుంట వచ్చిన గదరా! వాడు నా తోటి మాట్లాడుడే బంద్ వెట్టిండు!"

సంగతి అప్పుడు బయటపడింది. పెళ్లాం పిల్లలు ఊళ్లో ఉంటే, గది అద్దెకు తీసుకున్నది పెద్దవాడు. చిన్నవాడు పద్దెనిమిదేళ్లప్పుడే సాంచాల పనికి భివండీ వెళ్లి, మూడేళ్ల కింద తిరిగొచ్చాడు. ఉండటానికి చోటు లేదు. అన్న పగటి షిఫ్టు పోతే తమ్ముడు రాత్రి షిఫ్టు, వారానికొకసారి అటు ఇటు. ఇద్దరూ నడిపేది అవే సాంచాలు, పడుకునేది అదే చాప. పెద్దావిడకు తెలియకుండా ఒక్క మనిషిలా బతికారు. పండగలకు ఇద్దరూ ఊరికి పోతారు కాబట్టి ఇబ్బంది రాలేదు. నోటీసు చూశారు. ఇద్దరూ కలిసి ఆఫీసుకు రావాలంటే పెద్దావిడకు తెలుస్తుందని భయపడ్డారు. కార్డు చేతిలో ఉంది కదా, ఎవరేం చేస్తారులే అనుకున్నారు.

వరుస ఇంకా నవ్వుతూనే ఉంది. నవ్వనిది చిన్నవాడు ఒక్కడే. కవరులోంచి కార్డు తీసి నా బల్ల మీద పెట్టాడు.

"ఇద్దరమున్నమని తేలింది గద టీచరమ్మా. ఇగ నన్ను ఓటేసుకోనియ్యి. భివండీల నా పేరు రాయలే. ఊర్ల ఉంటలేనని ఊర్ల కొట్టేసిండ్రు. ఈడికొచ్చినంకనే రాయించుకున్న. గిదే మొదటిసారి."

జాబితాలో ఆ పేజీ నాకు వెతకాల్సిన పని లేదు. అతని ఫొటో మీద, పేరు మీద, అడ్డంగా కొట్టేసిన ముద్ర. పై అధికారులు వేసిందే గానీ, వేయించింది నేను. వేలు దాని మీద పెట్టి అతనికి చూపించాను. ఇంతలో లోపలి నుంచి ప్రిసైడింగ్ అధికారి వచ్చాడు. మంచి మనిషి, నెమ్మదిగానే చెప్పాడు. "లిస్టుల పేరు లేకుంటే కార్డున్నా ఓటు లేదన్నా. నా చేతుల లేదు."

"నేను ఏసేకంటె ముందుగాల తెలిస్తే నాది వాడేసేటోడు" అన్నాడు పెద్దవాడు, సిరా వేలిని మరో చేత్తో దాచుకుంటూ.

"గట్ల నడవదన్నా. నీది నీదే" అన్నాడు తమ్ముడు. తర్వాత నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "నిన్నటిదాక సర్కారుకు ఇద్దరం, అవ్వకు ఒక్కరం. ఇయ్యాల ఉల్టా అయింది" అన్నాడు.

అందరూ పెద్దావిడ వైపు తిరిగారు. ఆమె కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నీళ్ల సంగతి తర్వాత చూస్త. ముందుగాల ఇంటికి నడువుండ్రి, ఎండకు మటన్ ఖరాబైతది" అంది. ముగ్గురూ వెళ్లిపోయారు. చిన్నవాడి ఇస్త్రీ చొక్కా వెనుక మడత నలగలేదు. నాకు ఏడుపొచ్చింది. అందరి ముందు ఏడిస్తే బాగుండదని, జాబితా ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం అధికారులంతా శాతాలు లెక్కపెట్టారు. మా బూతులో పోలింగ్ బాగా జరిగిందని మెచ్చుకున్నారు. అప్పుడు నాకో సంగతి తట్టింది. నేను కొట్టేసిన మనిషి ఆ లెక్కలోకే రాడు. ఓటెయ్యనివాడుగా కూడా రాడు. జాబితాలోంచి మనుషులను తీసేస్తూ పోతే ఏ దేశంలోనైనా శాతం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. నాయబ్ తహసీల్దారు ప్రపంచ యాత్రలో ఈ ఊరు తగల్లేదు.

మర్నాడు ఆఫీసుకు వెళ్లి నాయబ్ తహసీల్దారుకు అంతా చెప్పాను. మెమో ఇస్తాడనుకున్నాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. "అరే బాబా" అన్నాడు. "సంతకం నాది గూడ ఉన్నది గదమ్మా. శాలువా ఒక్కటే గదా, చెరి సగం కప్పుకోవాలె." ఇంటికి రాగానే టీవీ మీద ఫొటో తీసి బీరువాలో బట్టల కింద పెట్టాను. మా ఆయన ఎందుకని అడిగితే, దుమ్ము పడుతోందని చెప్పాను.

కొత్తగా పేరు ఎక్కించే ఫారం పట్టుకుని ఆ వారంలోనే సాంచాల కార్ఖానాకు వెళ్లాను. పొద్దున ఏడింటికి. అంగన్వాడీ టీచరును నేనే బతిమాలి తీసుకెళ్లాను. ఒకరు దిగి ఒకరు ఎక్కే ఆ ఐదు నిమిషాల్లో ఇద్దరూ అక్కడే ఉన్నారు. గేటు దగ్గర ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీసి, ఫారంతో పాటు జతచేశాను. అలా ఎవరూ అడగలేదు. ఏడింటికి గేటు దగ్గర ఇంకా పదకొండు మంది దొరికారు, నా చిట్టాలో "తాళం వేసి ఉంది" అని రాసుకున్నవాళ్లు. అంగన్వాడీ టీచరు నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

జనవరిలో ఓటర్ల దినోత్సవం నాడు కొత్త ఓటర్లకు కార్డులిచ్చి, చొక్కాలకు బ్యాడ్జీలు పెట్టారు. స్టేజీ మీద అందరూ కాలేజీ పిల్లలు, మధ్యలో నలభై ఆరేళ్ల ఈయన. పక్కనున్న అమ్మాయి "అంకుల్, మీ బిడ్డ రాలేదా?" అని అడిగింది. "నేనే కొత్త ఓటరును బిడ్డా" అని బ్యాడ్జీ చూపించాడు. జనం చప్పట్లు కొడుతుంటే నేను కింద కూర్చుని, కొట్టాలో వద్దో తెలియక, చివరికి కొట్టాను.

ఎండాకాలంలో పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. నేను ఆరు గంటలకే బల్ల వేసుకున్నాను. అప్పటికే గేటు దగ్గర ఒక మనిషి ఉన్నాడు. నున్నని చెంపలు, ఇస్త్రీ చొక్కా. వెనకాల అన్న, అన్న వెనకాల పెద్దావిడ, చేతిలో నీళ్ల సీసా. లోపల మిషన్ సరిచూసుకోవడం ఇంకా పూర్తికాలేదు. నేను రాసిచ్చిన మొదటి చీటీ అతనిదే. చివరి పేజీలో, అనుబంధంలో, ఎవరి పేరు కిందా మీదా కాకుండా, కొత్తగా అచ్చయిన పేరు. మూడుసార్లు చూసి రాశాను.

ఏడు కొట్టగానే లోపలికి వెళ్లాడు. నిమిషం గడిచింది. రెండు గడిచాయి. మిషన్ కూత వినపడలేదు. వెనక వరుస కదలడం లేదు, గొణుగుడు మొదలైంది. మళ్లీ ఏదైనా పొరపాటు జరిగిందా, నంబరు తప్పు రాశానా? గుమ్మం దగ్గరికి వెళ్లి చెవి పెట్టాను. ప్రిసైడింగ్ అధికారి అంటున్నాడు, "ఏమైందన్నా? నొక్కస్తలేదా? తొందరగ కానియ్యి, మంది ఆగిండ్రు."

అట్ట అడ్డు వెనక నుంచి సమాధానం వచ్చింది. సాంచాల మధ్య మాట్లాడే అలవాటుకు వీధిలోకి కూడా వినపడింది.

"నొక్కస్తది సార్. నలభై ఆరేండ్లు ఆగిన. మీరు జర ఆగుండ్రి."

వరుసలో గొణుగుడు ఆగిపోయింది. తర్వాత మిషన్ పొడుగ్గా కూసింది. అతను బయటికి వచ్చి తిన్నగా నా బల్ల ముందు నిలబడ్డాడు. సిరా ఆరిందో లేదోనని వేలు గాల్లోనే పట్టుకున్నాడు.

ఆర్నెల్లుగా నోట్లో నానుతున్న మాట అప్పుడన్నాను. "అప్పుడు తప్పు నాదే అయ్యా. నన్ను మాఫ్ చెయ్యి."

అతను సిరా వేలు ఊదుకున్నాడు.

"మాఫ్ ఏంది టీచరమ్మా" అన్నాడు. "మల్లొక్కసారి ఇంటికొచ్చినప్పుడు నేను పండుకొని ఉంటే, లేపు."